ఇందుమతి మొదటి ప్యాచ్

తమిళనాడు గుడియాత్తంలో మేస్త్రి కుప్పన్ కూతురు ఏం చేస్తుందని వాళ్ళ వీధిలో ఎవరినైనా అడగండి. "కంప్యూటర్లో ఏందో చేస్తా ఉంటాది పాపం, అమ్మను చూసుకుంటా ఇంట్లోనే ఉండాది" అంటారు. ఆ 'ఏందో' కోసం ఇందుమతి మూడేళ్ళు ధారపోసింది. ఆ 'పాపం' మాత్రం వాళ్ళు ఊరికే అన్నా చివరికి నిజమై కూర్చుంది. ఈ కథ చెప్పేవాళ్ళకు మధ్యలో కోపం వస్తే వినేవాళ్ళు సర్దుకోవాలి, ఎందుకంటే కోపం రాకుండా చెప్పే వీల్లేదు.

ఇందుమతికి ముప్పై నాలుగేళ్ళు. వేలూరులో ఇంజనీరింగ్ చదివి, ఒక పాలిటెక్నిక్‌లో ఆరేళ్ళు పాఠాలు చెప్పింది. తల్లి వెంకటమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేసింది. తండ్రి కుప్పన్ అరవై దాటినా ఇంకా తాపీ, తూకం గుండు సంచిలో వేసుకుని కట్టడం పనికి పోతూనే ఉన్నాడు.

కాలేజీలో ఇందుమతికి ప్రాణస్నేహితురాలు శశికళ. ఆమెది వేలూరులో బట్టల వ్యాపారం చేసే ఇల్లు. ఇంట్లో పట్టుచీరల బేరాలు జరుగుతున్నా, సెలవు దొరికితే చాలు గుడియాత్తం బస్సెక్కి వచ్చి, వెంకటమ్మ చేతి సంగటి, పచ్చిపులుసు తిని పోయేది. వెంకటమ్మ ఆ పిల్లను "నా రెండో కూతురు" అనేది. చదువయ్యాక శశికళ తొరపాడి దగ్గర ఒక చిన్న చిప్పుల కంపెనీలో చేరింది.

ఆ కంపెనీ బోరుబావి మోటార్ల స్టార్టర్లలో పెట్టడానికి ఒక చిప్పు తయారు చేసింది. చిప్పు బాగానే ఉంది. కానీ దానికి ప్రోగ్రాం రాద్దామంటే దాని భాష తెలిసిన కంపైలర్ లేదు. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం శశికళ ఆ చిప్పున్న బోర్డు ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చింది. "మా కంపెనీలో ఇది చేతనైనోళ్ళు ఎవరూ లేరు ఇందూ. నీకు చేతనవుతాది. ఇద్దరం కలిసి చేద్దాం" అంది.

కుప్పన్ పక్కనే కూర్చుని వింటున్నాడు. కంపైలర్ అంటే ఏమిటని అడిగాడు. మనం రాసిన ప్రోగ్రాంను చిప్పుకు అర్థమయ్యే మాటల్లోకి మార్చేదని కూతురు చెప్పింది.

"అంటే మేస్త్రి పని గదమ్మా!" అన్నాడు. "ఇంజనీరు ప్లాను ఇస్తాడు. అది కూలోళ్ళకు తెలీదు. ఇసక ఇంత, సిమెంటు అంత, ఈడ ఇటిక, ఆడ కంబి అని వాళ్ళకు తెలిసేటట్టు మనం చెప్పాల. బీహారు గుంపు వస్తే వాళ్ళ మాట నేర్చుకోని మరీ చెప్పాల."

"అదే నాయనా. ఈ చిప్పు కొత్త గుంపు. దీని మాట ఆ మేస్త్రికి నేను నేర్పించాల."

అలా నేర్పించే భాగాన్నే బ్యాకెండ్ అంటారు. వాళ్ళు ఎంచుకున్న కంపైలర్ ఓపెన్ సోర్స్, అంటే ఏ ఒక్కరి సొత్తూ కాదు. ప్రపంచంలో ఎవరైనా ఒక ముక్క రాసి పంపవచ్చు. ఆ ముక్కను ప్యాచ్ అంటారు. పెద్దలు దాన్ని తిరగేసి, ప్రశ్నలడిగి, బాగుందనుకుంటే కలుపుకుంటారు. కలుపుకున్నాక ప్రతి లైను పక్కనా రాసినవాళ్ళ పేరు శాశ్వతంగా నిలిచిపోతుంది. బ్యాకెండ్‌ను ఎవరు రాస్తే వాళ్ళనే దానికి బాధ్యులుగా పెడతారు.

ఇందుమతికి కావలసింది ఆ పేరే. అది అక్కడ ఉంటే, తల్లి మంచం పక్క నుంచి కదలకుండానే ఏ దేశం వాళ్ళైనా పని ఇస్తారు. కంపైలర్ పనివాళ్ళను అక్కడి పేర్లు చూసే వెతుక్కుంటారు. శశికళకూ ఆ సంగతి తెలుసు. "రెండు పేర్లూ ఏస్తాం. ముందు నీది, తరవాత నాది" అని వెంకటమ్మ మంచం మీద కూర్చునే చెప్పింది.

ఆ రోజు నుంచి ఇందుమతి పొద్దున్నే తల్లికి నీళ్ళు పోసి, జావ తాగించి, ఎడమచేతికి రేడియో అందేలా పెట్టి, నీలం ప్లాస్టిక్ స్టూలు మీద బోర్డు పెట్టుకుని కూర్చునేది. ఆ చిప్పుకు లెక్కలు పట్టుకోవడానికి ఎనిమిదే గూళ్ళు. ఏ అంకె ఏ గూట్లో ఉండాలి, చోటు చాలకపోతే దేన్ని బయట పెట్టాలి, రెండు మాటల్లో అయ్యేదాన్ని ఒక్క మాటలో ఎలా చెప్పాలి అని ఒక్కొక్కటే తేల్చుకుంటూ పోయింది. మూడేళ్ళలో పదకొండు వేల లైన్లు రాసింది. శశికళ చిప్పు కాగితాలు తెచ్చి ఇచ్చేది. బోర్డు కాలిపోతే ఇంకొకటి ఇచ్చేది. అంతవరకు ఆమె మాట నిలుపుకుందని ఒప్పుకోవాలి.

ఇందుమతి చేసిన తప్పు ఒక్కటే, అది మేస్త్రి కూతురు కాబట్టి చేసిన తప్పు. కట్టడం పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఇంజనీరుతో మాట్లాడేది మేస్త్రి ఒక్కడే. గోడ కట్టేవాడు మేస్త్రిని దాటి ఇంజనీరు దగ్గరికి పోతే ఆ గుంపులో వాడికి మర్యాద ఉండదు. "పైవాళ్ళకు ఒక చేతి నుంచి పోతేనే బాగుంటాది, నేను పంపిస్తా" అని శశికళ అన్నప్పుడు ఇందుమతికి అది చాలా సబబుగా తోచింది. తాను ఆ ప్రాజెక్టులో ఖాతా కూడా తెరవలేదు. పెద్దలు అడిగిన ప్రశ్నలను శశికళ కాపీ చేసి వాట్సాప్‌లో పంపేది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "ఇందూ, దీనికి ఏం రాసేది?" తమిళంలో చదువుకున్న ఇద్దరికీ తెలుగు లిపి రాదు. ఇందుమతి జవాబు రాసి పంపేది. ఒకసారి వెళ్ళి ఆ ప్రాజెక్టులో చూసి ఉండాల్సింది. చూడలేదు. అంతా కలిశాక చూద్దామనుకుంది. పెట్టెకు తాళం ఉంది కదా అని తాళంచెవి దొంగచేతికే ఇచ్చినట్టయింది.

మొన్న తై నెలలో, సంక్రాంతి వెళ్ళాక, అంతా కలిసింది. శశికళ ఫోన్ చేసి, వేలూరులో ఒక హోటల్ హాల్లో కంపెనీ సభ పెడుతోందనీ, తప్పకుండా రమ్మనీ చెప్పింది. ఇందుమతి పక్కింటి ఆరోకియమేరిని తల్లి దగ్గర కూర్చోబెట్టి, ఎప్పుడో కొన్న ఆకుపచ్చ చీర మడత విప్పి కట్టుకుని బస్సెక్కింది. స్టేజీ మీదికి పిలిస్తే ఏం మాట్లాడాలో దారిలో పల్లికొండ దాటేదాకా లోలోపల అనుకుంటూనే ఉంది.

పిలవలేదు. శశికళ ఒక్కతే మైకు ముందు నిలబడి, మూడేళ్ళు రాత్రీ పగలూ తాను ఎలా కష్టపడిందో చెప్పింది. వెనక తెర మీద బోర్డు ఫోటో వేశారు. నీలం ప్లాస్టిక్ స్టూలు. ఫోటో మూలన తుప్పుపట్టిన ఇనుప కాలు ఒకటి కనిపిస్తోంది. అది వెంకటమ్మ మంచం కోడు. హాల్లో రెండు వందల మంది చప్పట్లు కొడుతుంటే ఇందుమతి ఆ కోడునే చూస్తూ కూర్చుంది. చివర్లో శశికళ నవ్వుతూ, "టెస్టింగులో సాయం చేసిన నా గుడియాత్తం స్నేహితురాలికి థాంక్స్" అంది. ఆమెది గుడియాత్తమని అంతకుముందే అడిగి తెలుసుకున్న పక్క కుర్చీ ఆయన ఇందుమతి వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. ఆమె భోజనం చేయకుండానే లేచి వచ్చేసింది.

ఇంటికి వచ్చి ఆ కంపైలర్ చరిత్ర, అంటే ఏ ముక్క ఎవరు పంపారో ఉండే జాబితా, తెరిచి చూసింది. తాను మూడు వందల నలభై ముక్కలుగా రాసినదాన్ని శశికళ పన్నెండు ముక్కలుగా కలిపేసింది. ఏ లైను పక్కన చూసినా శశికళ. బాధ్యుల జాబితాలో శశికళ. అక్షరాలు తనవి, వ్యాఖ్యలు తనవి, ఒకచోట తాను చేసిన స్పెల్లింగు తప్పు కూడా అలాగే ఉంది. పేరు మాత్రం పదకొండు వేల సార్లు ఇంకొకరిది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో ఆమెకు ఆ రోజు తెలిసింది.

మరుసటి రోజు పొద్దున ఫోన్ చేసింది.

"కంపెనీలో అట్లే చెయ్యమన్నారు ఇందూ. బయట మనిషి పేరుంటే ఒప్పుకోం అన్నారు. నేనేం చేసేది?" అంది శశికళ.

"మూడేండ్లల్లో ఒక్క దినమన్నా చెప్పినావా నాకు?"

"చెప్పింటే నువ్వు నిలిపేసి ఉంటావు."

శశికళ మళ్ళీ మెల్లగా, ఓదారుస్తున్నట్టే అంది: "అయినా నువ్వు అమ్మను ఇడిసిపెట్టి యాడికి పోతావు చెప్పు? నీకు పేరెందుకే?"

మోసం కన్నా ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది. ఫోన్ పెట్టేసి ఇందుమతి వంటింట్లోకి వెళ్ళి, తల్లికి వినపడకుండా కొళాయి తిప్పి ఏడ్చింది.

తరువాత ప్రాజెక్టు పెద్దలకు ఉత్తరం రాయడానికి కూర్చుంది. తన దగ్గర తేదీలతో సహా మూడు వందల నలభై ముక్కలూ ఉన్నాయి. ఏ ముక్క ఎక్కడ చేరిందో జాబితా చేస్తుంటే ఒకచోట చెయ్యి ఆగిపోయింది. "ఇది ఇంకా పంపొద్దు, కొత్త చిప్పు మీద చూడాల" అని తాను ప్రత్యేకంగా చెప్పిన భాగాన్ని కూడా శశికళ సభ తేదీ ముంచుకొస్తోందని పంపేసింది.

ఆ భాగంలో లోపం ఉంది. గోడ కడుతున్నవాడిని ఎవరైనా పిలిస్తే చేతిలో ఇటిక, తాపీ పక్కన పెట్టి పోయి, తిరిగొచ్చి మళ్ళీ అవే తీసుకోవాలి. మోటారు వేడెక్కినప్పుడు చిప్పుకూ అలాంటి పిలుపే వస్తుంది. పాత బోర్డులో ఎనిమిదో గూటిని చిప్పు తానే భద్రం చేసేది. కంపెనీ తరువాత మార్చి చేసిన కొత్త చిప్పులో ఆ పని కంపైలర్‌దే, ఇందుమతి రాసిన దాంట్లో అది లేదు. అందువల్ల మోటారు ఆగుతుంది, ఆగిన సంగతి మరిచిపోయి వెంటనే మళ్ళీ తిరుగుతుంది, కాలిపోయేదాకా తిరుగుతుంది. శుక్రవారం కంపైలర్ కొత్త విడుదల రాబోతోంది. స్టార్టర్లు చేసేవాళ్ళు తీసుకునేది దాన్నే.

పని నుంచి వచ్చిన తండ్రికి అంతా చెప్పింది. కుప్పన్ కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు కూతురి ముఖంలోకి చూడలేకపోయాడు.

"నా బుద్ధే నీకు వచ్చినాది. మేస్త్రిని దాటొద్దని నేనే గదా చెప్తా ఉంటి" అన్నాడు.

"ముందు ఉత్తరం పంపేదా నాయనా, రిపేరు పంపేదా?"

"గోడ వంగతాండాదని తెలిసినాక, దాని కింద మనుషులుంటే ముందు ఏం చేస్తామమ్మా?"

కుప్పన్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అన్నాడు: "బాగుండే గోడకు మేస్త్రి పేరు చెప్తారు. వంగిన గోడకే కట్టినోణ్ణి పిలుస్తారు. నలభై ఏండ్లుగా చూస్తాండా."

రిపేరు నాలుగు లైన్లు. బుధవారం పొద్దున ఇందుమతి మొదటిసారి తన పేరుతో ఖాతా తెరిచి ఆ నాలుగు లైన్లూ పంపింది. వెంటనే యంత్రం నుంచి జవాబు వచ్చింది: 'మా ప్రాజెక్టుకు స్వాగతం! ఇది మీ మొదటి ప్యాచ్. కొత్తవారికి మా సూచనలు ఇక్కడ చదవండి. మీ ప్యాచ్‌ను ఈ బ్యాకెండ్ బాధ్యురాలు శశికళ పరిశీలిస్తారు.'

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. గంట తరువాత బాధ్యురాలి వ్యాఖ్య కూడా వచ్చింది, పరాయివాళ్ళకు రాసే ఇంగ్లీషులో: 'మంచి లోపం పట్టుకున్నారు. మీ మొదటి ప్యాచ్‌కు ధన్యవాదాలు. దయచేసి ఒక టెస్టు కూడా జత చేయండి.'

అయినా ఇందుమతి టెస్టు రాసింది, ఎందుకంటే రిపేరు పనిచేస్తోందని చూపే టెస్టు లేకపోతే అది కలవదు, అడగడం న్యాయమే. దాని కింద లోపం ఎలా వచ్చిందో వివరించాలి. ఉన్నది ఉన్నట్టు రాసింది: 'ఈ తప్పు నాది. రెండేళ్ళ కిందట మార్చి నెలలో నేను రాశాను. పాత బోర్డు మీద సరిగ్గానే పని చేసేది. ఆనాటి నా కాపీ ఇదిగో.'

మధ్యాహ్నం తల్లికి అన్నం తినిపిస్తుండగా కంప్యూటర్ చప్పుడు చేసింది. వెళ్ళి చూసింది. ఎక్కడో చలిదేశంలో ఉండే ఆ ప్రాజెక్టు పెద్ద ఒకాయన టెస్టు చూశాడు, కాపీ తెరిచాడు, తేదీలూ చూశాడు. రిపేరును కలుపుకుంటున్నానని చెప్పి, కింద ఒక ప్రశ్న వేశాడు: 'మా చరిత్రలో ఈ భాగం శశికళ పేరున ఉంది. అసలు ఈ బ్యాకెండ్ ఎవరు రాశారు?'

మూడేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆమె కళ్ళు తుడుచుకునేలోపు పక్కనున్న ఫోన్ మోగింది. శశికళ దగ్గర నుంచి వాట్సాప్. ఆయన ప్రశ్నను ఎప్పటిలాగే కాపీ చేసి పంపింది. కింద ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:

"ఇందూ, దీనికి ఏం రాసేది? సీక్రం చెప్పు."

మంచం మీద నుంచి వెంకటమ్మ సగం తిరిగే నాలుకతో అడిగింది. "ఎవరమ్మా? మన శశియా? తినిందేమో అడుగు."

ఇందుమతి ఫోన్‌ను స్టూలు మీద బోర్లా పెట్టింది. కంప్యూటర్ ముందుకు జరిగి కూర్చుని, ఆయన ప్రశ్న కిందే, తన పేరుతోనే, జవాబు రాయడం మొదలుపెట్టింది.