గిన్నెలు ఎవరు తోముతారు?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద విసుగెత్తి షెఫ్ అవుదామనుకున్నాను. ఆదివారం నేను బిర్యానీ చేస్తే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ సింకులో చేరే మాట నిజమే గానీ, రుచిని మాత్రం అపార్ట్‌మెంటంతా మెచ్చుకుంటుంది. గచ్చిబౌలి చుట్టుపక్కల వంట కాలేజీలు నాలుగింటిని పోలుస్తూ ఎక్సెల్ షీటు తయారుచేశాను. ఓవెన్లు, సిలబస్, ప్లేస్‌మెంట్లు అన్నీ రాశాను. మా ఆవిడ దాన్ని తెరిచి కూడా చూడలేదు. వెళ్లిన ప్రతిచోటా ఒక్కటే అడిగేది.

"ఇక్కడ గిన్నెలు ఎవరు తోముతారండీ?"

మూడు చోట్ల "దానికి మనుషులున్నారు మేడమ్" అని గర్వంగా చెప్పారు. వెంటనే ఆవిడ హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని లేచేది. నాకు ఒళ్లు మండిపోయింది. అందులో ఒకచోట ఓవెన్లు ఇటలీ నుంచి తెప్పించారు మరి.

నాలుగోది శేరిలింగంపల్లిలో, ఓ సందులోని పాత మేడ మీద. అక్కడి పెద్ద షెఫ్ ఉల్లిపాయల మీంచి తల ఎత్తకుండానే చెప్పాడు.

"మనుషులెవ్వరు లేరమ్మా. తోముడు రానోనికి వండుడేం వస్తది? మొదటి నెల గంటె గూడ ముట్టనియ్యం. తోముడే."

మా ఆవిడ ఆ రోజు మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.

"హోంవర్క్ కూడా ఇస్తారాండీ?" అని అడిగింది.