యేసుదానం కడిగిన ఫిల్టరు

కంపెనీ కాగితాల్లో యేసుదానం ఐదేళ్లు ముందే పుట్టాడు. గోదావరిఖనిలో కొత్త బొగ్గు బాయిలు తెరిచిన రోజుల్లో పనికోసం వరసలో నిలబడ్డాడు. వయసెంత అని గుమాస్తా అడిగితే తెల్వదన్నాడు. గుమాస్తా అతని ముఖం వంక ఒకసారి చూసి, నెరిసిన నాలుగు మీసం వెంట్రుకలు చూసి, నలభై ఐదని రాసేశాడు. ఆ లెక్కన డెబ్బై నాలుగు జూన్ ఆఖరుకు అతనికి యాభై ఎనిమిది నిండుతాయి. పని పోతుంది. పనితో పాటు క్వార్టరూ పోతుంది. తరువాత మిగిలేది మంథని అవతలి ఊరు. ఆ ఊళ్లో అతని తండ్రి లింగడు దొర గడీలో వెట్టి చేసి చచ్చిపోయాడు. పిల్లల్లేని యేసుదానం, భార్య మార్తమ్మ దేవుణ్ణి అడిగింది ఒక్కటే: ఆ ఊరికి మళ్లీ పోకుండా చెయ్యమని.

అడిగి ఊరుకోలేదు. పని పోవడానికి రెండేళ్ల ముందే, ఒక కంట్రాక్టరు వదిలించుకున్న పాత అంబాసిడర్ కొని, సెలవు రోజుల్లో రామగుండం స్టేషను నుంచి కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. ఉద్యోగం పోయేనాటికి కారు నిలబడితే గోదావరిఖనిలోనే ఒక అద్దె గది దొరుకుతుంది. కారు పడుకుంటే ఊరే గతి. సంగతి అంత సూటిగా ఉంది.

కారును మెకానిక్ చేతికి ఇవ్వడం అతనికి ఇష్టం లేదు. ఆయిలు తానే మార్చుకునేవాడు. క్వార్టరు ముందు రెండు రైలుపట్టాల స్లీపరు చెక్కల మీదికి ముందు చక్రాలెక్కించి, ఇంజను వేడిమీద ఉండగానే కిందికి దూరి బోల్టు విప్పేవాడు. వేడి నూనె అయితే మురికిని వెంట తీసుకుని జారుతుంది. చల్లారితే మురికి అడుగునే కూర్చుంటుంది. ఇది ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాడు. మనిషిలో తెలివికి లోటు లేదు.

నూనె ఎంపికలో అయితే కరీంనగర్ దుకాణదారుకే పాఠం చెప్పేవాడు. ఎండాకాలానికి చిక్కటి నలభై నంబరు, చలికాలానికి పలచటి ముప్పై. డ్రమ్ములోంచి పోసే లూజు నూనె ముట్టడు. సీలున్న డబ్బాయే కావాలి, ఆ సీలు కూడా గోటితో గీరి చూస్తాడు. స్టోరులో పనిచేసే ముత్యం ఒకసారి ఆశపెట్టాడు.

"కాకా, స్టోర్ల డ్రమ్ములకు డ్రమ్ములు పడి ఉన్నై. ఒక్క డబ్బా వోసుకుంటె కంపెనీ మునుగుతదా?"

"అది మోటార్ల పండ్లచక్రాలకు పోసేదిరా. కారు ఇంజనుకు పడది."

"నూనె నూనే గదనే."

"గట్లయితె మీ ఇంట్ల పప్పు తాళింపుకు గదే వొయ్యి."

ఈ మాట కాలనీ అంతా పాకింది. చర్చిలో పాస్టరుగారు దాన్ని నిజాయితీకి ఉదాహరణగా చెప్పారు. పాత సామాన్లు పారేయకుండా కడిగి వాడుకుంటాడని పొదుపుకు కూడా అతన్నే చూపించారు. పొదుపు మంచిదే, ఏ వస్తువు మీద చూపాలో తెలిసినంతవరకు. పాస్టరుగారికి ఆ రెండో సగంతో పని పడలేదు.

యేసుదానం పని లాంప్ రూంలో. బాయిలో చెడుగాలి ఉందేమో చూసే నూనెదీపాలు అక్కడే ఉంటాయి. ఆ దీపంలో మంట చుట్టూ సన్నటి ఇనుప జాలి ఉంటుంది. జాలికి చిల్లి పడితే మంట బయటి గాలిని అంటుకుని కింద మనుషులు కాలిపోతారు. షిఫ్టు తరువాత షిఫ్టు, పదమూడేళ్లు, అతను ఆ జాలీలను కుచ్చుబ్రష్షుతో తోమి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ బిగించాడు. ఒక్క దీపం మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. జాలి అంటే కడిగేది. ఇది అతనికి లెక్కల్లో ఎక్కం లాంటిది.

కారులో ఆయిలు వడగట్టే ఫిల్టరు కూడా అతని కంటికి జాలీయే. కారుతో వచ్చింది దళసరి ఉన్ని ఫిల్టరు. దాన్ని రెండుసార్లు కిరసనాయిలులో కడిగి పెట్టాడు, నడిచింది. దెబ్బ అక్కడే తగిలింది. నెగ్గిన తప్పును మించిన పంతులు లేడు.

ఉన్నిది చివికిపోయాక కరీంనగర్‌లో కొత్తది కొన్నాడు. అది కాగితం మడతలది. చలికాలం గడిచి, ఏప్రిల్‌లో ఆయిలు మార్చబోతూ దాన్నీ కిరసనాయిలు గిన్నెలో ముంచాడు. బస్టాండు దగ్గర మెకానిక్ షెడ్డు నడిపే పోశం ఆ దారిన పోతూ చూసి సైకిలు దిగాడు.

"అన్నా, గిది కాయితం. ఒక్కసారికే. తీసి పారెయ్యాలె."

"జాలి అన్నంక కడగాలె గని పారేసుడేంది?"

"గిది జాలి కాదే."

"పదమూడేండ్లు జాలీలు కడిగిన. నువ్వు చెప్తవా నాకు?"

"నేనెందుకు చెప్త? ఇంజనే చెప్తది," అని పోశం సైకిలెక్కాడు.

యేసుదానం మడత మడతనూ బ్రష్షుతో తోమి, ఎండలో ఆరబెట్టి, వెలుతురుకు పట్టి చూశాడు. చిల్లి కనిపించలేదు. బిగించాడు. దాని మీద సీలున్న నలభై నంబరు డబ్బా పోశాడు.

మే నెలలో ఒకరోజు పొద్దున రామగుండం స్టేషనులో తన ఊరి దొర దిగాడు. ఆయన జీపు రాలేదు. స్టేషను ముందు ఉన్నది ఒక్క అంబాసిడరే. దొర వెనక సీట్లో కూర్చుని, అద్దంలో కనిపిస్తున్న ముఖాన్ని కాసేపు చూశాడు.

"నువ్వు లింగని కొడుకువు గదరా?"

"అవును దొరా."

"కారు ఎవలిది?"

"నాదే దొరా."

దొర ఇంకేమీ అనలేదు. యేసుదానానికి ఆ మౌనం కిరాయి కంటే తీపిగా ఉంది. తండ్రి ఎవరి చెప్పులు మోశాడో ఆ మనిషి తన వెనక, తను తిప్పినట్టు తిరుగుతూ కూర్చున్నాడు.

మంథని దాటి మూడు మైళ్లు పోయాక ఆయిలు ఒత్తిడి చూపే ముల్లు పడిపోవడం మొదలైంది. కిరసనాయిలుకు మెత్తబడి బ్రష్షుకు నలిగిన కాగితం లోపల చిరిగింది. ఆ ముక్కలు నూనె దారులకు అడ్డం పడ్డాయి. ముల్లు పడితే ఇంజను వెంటనే ఆపాలి. ఆ సంగతి అతనికి తెలుసు. అప్పుడే ఆపి ఉంటే పోశం విప్పి, దారులు ఊది, రెండు రోజుల్లో మళ్లీ రోడ్డెక్కించేవాడు. ఆపడమంటే దిగాలి, బానెట్టు ఎత్తాలి, చేతులు కట్టుకుని దొర ముందు నిలబడాలి. ఊరు ఇంకా నాలుగు మైళ్లుంది. యేసుదానం ముల్లు మీదినుంచి చూపు తీసేశాడు.

రెండున్నర మైళ్లు లాగింది. మొదట టకటక, తరువాత గరగర, తరువాత ఏదో విరిగిన చప్పుడు. కారు రోడ్డు మధ్యనే బిగుసుకుపోయింది.

దొర కోపం చేసుకోలేదు. కోపం చేసుకున్నా బాగుండేది. పొలంలోంచి తన జీతగాణ్ణి పిలిచి, ఎడ్లు తెచ్చి కారుకు కట్టించాడు. వెనక సీట్లోంచి దిగకుండానే, "పగ్గం పట్టుకో, లేకుంటె ఎడ్లు బెదురుతయి," అన్నాడు. యేసుదానం పగ్గం పట్టుకుని ముందు నడిచాడు. స్టీరింగు జీతగాని చేతికి పోయింది. గడీ ముందు ఎవరో నీళ్లు తెచ్చారు. యేసుదానం దోసిలి పట్టాడు. పట్టమని ఎవరూ చెప్పలేదు.

పోశం వచ్చి ఇంజను విప్పి, నల్లటి కాగితం పీలికలు నాలుగు అరచేతిలో పెట్టి చూపించాడు. ఎత్తిపొడవలేదు. షాఫ్టు పోయింది, బేరింగులు పోయాయి, ఈ బండికి ఇంక పెట్టేదేమీ లేదన్నాడు. చక్రాలు, సీట్లు ఎవరెవరో కొనుక్కున్నారు. జూన్ ఆఖరుకు కంపెనీ దండ వేసి పంపింది. పాస్టరుగారు ఇదంతా పరీక్ష అన్నారు. మరుసటి ఆదివారానికి ఇంకో ఉదాహరణ వెతుక్కున్నారు.

దొర కబురు పంపాడు. మోటబాయి మీద డీజిలు ఇంజను పెట్టించాడట. ఇంజను సంగతి తెలిసిన మనిషి కావాలట. ఉండడానికి తోటలో గుడిసె ఉందట. మార్తమ్మ సామాను కట్టింది. గుడిసెలో మూడు రాళ్ల పొయ్యి పెడుతూ అడిగింది.

"ముల్లు పడ్డప్పుడే ఆపితే కారు దక్కుతుండె అన్నడు పోశం. నిజమేనా?"

"నిజమే."

"మరెందుకు ఆపలే?"

"ఎన్క దొర కూసున్నడు."

మార్తమ్మ పొయ్యిలో పుల్ల పెట్టి ఊదింది. బయట జీతగాడు, మడికి నీళ్లు పెట్టాలె, ఇంజను స్టార్టు చెయ్యమని దొర అంటున్నడని కేకేశాడు. యేసుదానం తలకు తువ్వాల చుట్టుకుని లేచి పోయాడు.