ఆ ఆదివారం ఆటు సమయం

ఉన్నవారు: బావ, నేను, జుట్టు నెరిసిన ఒక అమెరికన్ ఆవిడ, ఆవిడ కుక్క. మా కారులో ఉన్నవి: ఎనిమిదడుగుల పసుపు సర్ఫింగ్ బోర్డు ఒకటి, అయిదు మిల్లీమీటర్ల మందం రబ్బరు వెట్‌సూట్ ఒకటి, బాత్ టవల్స్‌లో చుట్టిన వేడినీళ్ల క్యాన్లు రెండు, అల్లం టీ ఫ్లాస్కు, చపాతీ రోల్స్ నాలుగు. గాలి తూర్పు నుంచి, గంటకు ఆరు మైళ్లు. అలల ఎత్తు అయిదడుగులు, అలకూ అలకూ మధ్య పన్నెండు సెకన్లు. ఇది నా షీట్‌లో ఆఖరి వరస. మొన్న ఆఫీసులో ఒక కొలీగ్ “అన్నా, మీ దగ్గర సర్ఫింగ్ ఫోర్‌కాస్ట్ షీట్ ఉందంట కదా, షేర్ చేస్తారా?” అని అడిగితే మూడేళ్ల తర్వాత ఆ ఫైల్ తెరిచాను. పైన వందకు పైగా వరసలున్నా, నా చూపు ఈ ఒక్కదాని దగ్గరే ఆగిపోయింది.

సర్ఫింగ్ చేసేది నేను కాదు, మా బావ. ఆయనది వైజాగ్. నేను, అక్క హనుమకొండలో పుట్టి పెరిగిన వాళ్లం. ఇంటర్ అయ్యేదాకా నేను సముద్రం చూడలేదు. బావ మాత్రం సముద్రం తమ వీధి చివర ఉండేదన్నట్టు మాట్లాడతాడు. అది వెచ్చటి సముద్రం. మేముండే బాతెల్ నుంచి దాదాపు మూడు గంటలు డ్రైవ్ చేస్తే వచ్చే, అమెరికా పడమటి వైపు వాషింగ్టన్ రాష్ట్ర తీరం వేరు. అక్కడ మార్చిలో చేతి తొడుగు తీస్తే కాసేపటికే వేళ్లు వంగవు. వెట్‌సూట్ తొడుక్కోవడానికి బావకు పద్నాలుగు నిమిషాలు, విప్పడానికి తొమ్మిది నిమిషాలు పట్టేది. విప్పేటప్పుడు కాళ్ల దగ్గర నేను పట్టుకుని లాగాలి. పార్కింగ్ లాట్‌లో ఒంటికాలి మీద గెంతుతూ, “ఏటి బావమరిదీ, చూస్తావేటి, లాగు!” అని ఆయన అరుస్తుంటే పక్క కార్లవాళ్లు మర్యాదగా మొహం తిప్పుకునేవారు.

షీట్ పుట్టింది అక్క వల్ల. బావ వెళ్లడం ఆమెకు ఇష్టం లేదు, వద్దనడమూ ఇష్టం లేదు. ఒకరోజు టిఫిన్ దగ్గర నాతో, “నీకు లెక్కలొస్తయి గద. సముద్రం మంచిగున్నదా లేదా నువ్వు చెప్పు. నువ్వు పొమ్మంటెనే ఈయన పోవాలె,” అంది. నేను దాన్ని ఒక ప్రాజెక్టులాగే తీసుకున్నాను. తీరానికి దూరంగా లంగరు వేసి వదిలిన, నీళ్ల మీద తేలే ప్రభుత్వ కొలత పరికరం ఒకటి, బోయ్ అంటారు, అలల ఎత్తు, వ్యవధి పంపుతూ ఉంటుంది. గాలి వివరాలు ఒక చోట, ఆటుపోట్ల వేళలు ఇంకో చోట దొరుకుతాయి. అన్నీ తెచ్చుకుని, కూడి, పదికి ఒక మార్కు ఇచ్చే చిన్న ప్రోగ్రాం రాశాను. ఏడు దాటితే వెళ్లొచ్చు. అన్నిటికంటే ఎక్కువ బరువు ఆటుకే ఇచ్చాను. ఎందుకంటే అక్కడ సముద్రంలోకి పొడుగ్గా పేర్చిన రాళ్లగట్టు ఉంది. ఆటులో నీళ్లు వెనక్కి తీసేటప్పుడు ఆ గట్టు పక్కనుంచి ఏరులాగా ప్రవాహం లోపలికి లాగుతుంది. ఆటు పూర్తయి నీళ్లు నిలబడ్డాకే దిగాలి. ఆ చలికాలమంతా షీట్ ఒక్కసారి కూడా తప్పలేదు. అక్క శుక్రవారం రాత్రి ఫోన్ చేసి “ఎంత?” అనేది. నేను “ఎనిమిదిన్నర” అనేవాణ్ని. అంతే, అనుమతి వచ్చినట్టే.

ఆ ఆదివారం ఎనిమిది వచ్చింది. ఆటు పూర్తయ్యేది తొమ్మిది నలభైకి. వేసవి సమయం కోసం అమెరికాలో ఏటా మార్చిలో చేసినట్టే, తెల్లవారుజామున గడియారాలు గంట ముందుకు జరిగిన రోజు అది. బావ కారెక్కినప్పటి నుంచీ గొణుగుతూనే ఉన్నాడు. “నిద్రలోంచి గంట ఎత్తుకుపోతారేట్రా? ఎవర్నడిగి?” నేను నవ్వి, హైదరాబాద్ టీమ్‌తో ఉండే రాత్రి కాల్స్ అన్నిటినీ శుక్రవారమే గంట జరిపి, రెండుసార్లు సరిచూసి మరీ పంపానని గర్వంగా చెప్పాను. ఆయన మెచ్చుకున్నాడు. దారిలో ఒలింపియా ఊరు దాటేదాకా మా మాటలన్నీ ఆ గంట గురించే.

బీచ్‌కి చేరేసరికి ఆ నెరిసిన జుట్టావిడ తన వ్యాన్ వెనక తలుపు తీసి, కుక్క పక్కన కూర్చుని నీళ్లు చూస్తోంది. ఎప్పుడూ అంతే. బోర్డు దించకముందు ఇరవై నిమిషాలు ఊరికే చూస్తుంది. మాలో మేం ఆవిణ్ని ఆంటీ అనుకునేవాళ్లం. తొమ్మిది నలభై అయిదుకి బావ బోర్డు చంకన పెట్టుకుని బయల్దేరుతుంటే ఆవిడ ఇంగ్లీషులో, “నీళ్లు ఇంకా బయటికే పోతున్నాయి కదా?” అంది. నేను ఫోన్ చూపించి, ఆటు అయిదు నిమిషాల కిందటే పూర్తయిందన్నాను. ఆవిడ ఫోన్ వైపు చూసింది, నీళ్ల వైపు చూసింది. “నేనైతే ఆగుతాను,” అంది. బావ అప్పటికే మోకాళ్ల లోతులో ఉన్నాడు. నేను పిలవలేదు.

మొదటి రెండు అలలు బాగానే పట్టుకున్నాడు. మూడోదాని కోసం చూస్తూ మెల్లగా గట్టు వైపు జరిగాడు. తర్వాత ఆయన ఒడ్డు వైపే తెడ్డు వేసినట్టు చేతులు ఆడిస్తున్నా ఒడ్డుకు దూరమవుతున్నాడు. ఇది అర్థం కావడానికి నాకు సమయం పట్టింది. ఆవిడకు పట్టలేదు. లేచి, అప్పటికే నడుం దాకా తొడిగి ఉన్న వెట్‌సూట్ భుజాలకు ఎక్కించుకుంటూనే, “అతన్ని ఉత్తరం వైపు రమ్మను. ఒడ్డుకు వద్దు, పక్కకి. పెద్దగా కనిపించేది ఏదైనా ఊపు. 911కి ఫోన్ చెయ్యి,” అంది. నేను కారు అద్దానికి పెట్టే వెండిరంగు ఎండతెర లాక్కొచ్చి ఒక చేత్తో ఉత్తరానికి ఊపుతూ, రెండో చేత్తో ఫోన్ పట్టుకున్నాను. అవతల ఎమర్జెన్సీ ఆపరేటర్ గాలి ఎటు, మనిషి ఎంత దూరంలో ఉన్నాడు, వయసెంత అని అడిగింది. నాకు ఒక్క అంకె కూడా నోటికి రాలేదు. “మా బావ,” అన్నాను, తెలుగులో. అలల మధ్య పసుపు రంగు కాసేపు కనిపించేది, కాసేపు కనిపించేది కాదు. చివరికి ఆయన ఆ మెరుపు చూసి పక్కకి తిరిగాడు. అలలు విరిగే చోటికి చేరాక అలలే ఆయన్ని ఒడ్డుకు తోశాయి. నడుము లోతు నీళ్లలో ఆంటీ ఎదురెళ్లి బోర్డు అందుకుంది. బావ పెదాలు నీలంగా ఉన్నాయి. వేడినీళ్లు రెండు క్యాన్లూ సూట్ లోపలికి పోశాం. ఆయన మొదట అన్న మాట, “కుక్క నా చపాతీ తినేసిందిరా.” నిజమే, తినేసింది.

తిరుగు ప్రయాణంలో నేను డ్రైవ్ చేశాను. హీటర్ పూర్తిగా పెట్టినా బావ వణుకుతూనే ఉన్నాడు. “అయిపోయిందిరా. చేతుల్లో పస లేదు. నలభై వస్తే ఇంతేనేమో. బోర్డు అమ్మేద్దాం,” అన్నాడు. పెట్రోల్ కోసం ఆగిన చోట, ఆయన టీ తాగుతుండగా, నేను ఫోన్‌లో ప్రోగ్రాం తెరిచాను. ఆటుపోట్ల వేళలు తెచ్చే కోడ్ లైన్‌లో స్థానిక ప్రామాణిక సమయం అని రాసి ఉంది. వేసవి సమయాన్ని కలపమని చెప్పే ఇంకో మాట అక్కడ ఉండాలి. నేను దాన్ని నవంబరులో రాశాను. నవంబరు నుంచి మార్చి దాకా రెండూ ఒకటే. గడియారం జరగని దేశంలో పెరిగినవాణ్ని, జరిపిన గడియారానికి మనుషుల మీటింగులన్నీ సర్దగలిగాను కానీ సముద్రం సంగతి తట్టలేదు. ఆ రోజు ఆటు పూర్తయింది పది నలభైకి. బావ దిగిన వేళకి నీళ్లు ఇంకా గట్టు పక్కనుంచి లోపలికి లాగుతున్నాయి. ఆయన చేతుల్లో లోపం ఏమీ లేదు.

చెప్పకుండా ఉంటే అందరికీ బాగుండేది. బోర్డు పోతే అక్కకు సంతోషం. నా షీట్‌కు మచ్చ రాదు. బావకి మాత్రం తన ఒంటి మీద తనకున్న నమ్మకం పోతుంది. అది ఎవరికీ కనపడదు. నూట ఇరవై మైళ్లు ఆ సంగతి దాచాను.

ఇంట్లో బావ సోఫాలో దుప్పటి కప్పుకుని, “ఇంక సర్ఫింగ్ మానేస్తున్నా. చేతులు రావట్లేదు,” అన్నాడు. అక్క మొహంలో వెలుగు వచ్చింది. “మంచిపనైంది,” అంటూ చారు వేడి చెయ్యడానికి లేచింది. అప్పుడు చెప్పాను. గంట, నవంబరు, మార్చి, గట్టు, ఆంటీ అడిగిన ప్రశ్న, నేను చూపించిన ఫోన్, అన్నీ వరసగా. బావ దుప్పట్లోంచి చేతులు బయటికి తీసి కాసేపు చూసుకున్నాడు. “అంటే నేను ఆటుకి ఎదురు ఈదానా?” అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే ఇంకేదో ఎక్కువుంది. మరుసటి నెలలోనే మళ్లీ నీళ్లలోకి దిగాడు. దిగే ముందు ఆంటీ పక్కన కూర్చుని ఇరవై నిమిషాలు చూశాడు.

ఆ రోజు అక్క మాత్రం గరిటె చేతిలో పట్టుకునే నా దగ్గరికొచ్చింది. నన్ను తిట్టలేదు. “ఎంతసేపురా? ఫోన్ జేసినప్పటిసంది ఈయన ఒడ్డుకొచ్చేదాంక?” అని అడిగింది. నా అంచనా అరగంట. ఆయన ఒడ్డుకొచ్చాకే ఆ కాల్ పెట్టేశాను కనుక, ఫోన్ తీసి కాల్ వివరాలు చూశాను. గడిచిన కాలం మనకు గుర్తుండే పొడవు వేరు, దాని అసలు పొడవు వేరు. పదకొండు నిమిషాల నాలుగు సెకన్లు.