తడి కట్టెల వంట

అమ్రాబాద్ అడవిలోని ఓ చెంచుపెంటలో, అంటే చెంచుల గూడెంలో, బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది అలివేలమ్మ. వంటగది లేదు. వానాకాలమంతా రేకు కింద తడి కట్టెలు ఊదీ ఊదీ ఆమె కళ్లు మసకబారాయి.

2006లో వంటవాళ్ల శిక్షణకు పట్నం వెళ్లినప్పుడు, అక్కడి బడిలో గ్యాస్ పొయ్యి, నల్లా చూసింది. ఉండబట్టలేక ఆఫీసరును అడిగింది.

"సారూ, మాకు గిసుంటి పొయ్యి రాదా?"

"గివి దాతలు ఇచ్చిండ్రమ్మా. మీ అడవికి ఎవరొస్తరు? ఉన్నది పద్నాలుగు మంది పిల్లలేనాయె."

"ఆ పద్నాలుగు మందికైనా పొయ్యి అంటుకోవాలె గద సారూ."

ఆయన జాబితాలో తర్వాతి బడి పేరు పిలిచాడు.

మరుసటేడు బియ్యంలో రాళ్లు కనబడక ఆమె వంట మానేసింది. ఆ పొగలో వండడానికి ఇంకెవరూ రాలేదు. పిల్లలు మధ్యాహ్నానికే ఆకలితో ఇళ్లకు పోయేవారు. అలివేలమ్మ గుడిసె ముందు కూర్చుని, వాళ్ల మాటలు దూరమవడం వినేది.