సత్రా నంబర్ బందూక్

రిటైరయ్యాక కాలక్షేపానికి మా శాలిబండ మగవాళ్ళలో కొందరు గాలిపటాలు ఎగరేస్తారు, కొందరు పావురాలను పెంచుతారు, ఎక్కువమంది చాయ్ హోటల్లో కూర్చుని ప్రభుత్వాన్ని తిడతారు. నేను పాత తుపాకుల వెంట పడ్డాను. కాల్చడానికి కాదు సుమా, దీపావళి టపాకాయకే చెవులు మూసుకునే మనిషిని. కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఇనుము గట్టిదనం కొలిచాను. ఆ చూపు ఊరికే పోతుందా? పాత వస్తువులు సేకరించేవాళ్ళు పిలిస్తే వెళ్ళి, ఇది ఏ కాలానిది, అసలుదా నకిలీదా అని చెప్పి వస్తుంటాను.

అందులోనూ ఒక్క తూటా రకాలంటే నాకు ప్రాణం. ఒకటి పెట్టాలి, కాల్చాలి, ఖాళీ గొట్టం బయటికి లాగాలి, మళ్ళీ ఒకటి పెట్టాలి. పొడుగువి నడిచే సిపాయిలకు, పొట్టివి గుర్రం మీద కూర్చునేవాళ్ళకు. ఈ పొట్టివాటినే కార్బైన్లంటారు. నకిలీలకు మాత్రం కొదవ లేదు. ఒక హోల్‌సేల్ షావుకారు తన కార్బైన్‌ను మఖ్మల్ గుడ్డలో చుట్టి నాకు చూపించాడు. తుపాకీ పక్కభాగం మీద ఇంగ్లండు రాణిగారి కిరీటం, ఆమె పేరు అక్షరాలు, కింద సంవత్సరం ఉన్నాయి. "సేఠ్‌జీ, ఈ సంవత్సరానికి రాణిగారు పోయి చాలా కాలమైంది. ఈ ముద్ర కొట్టింది ఆమె దయ్యమా?" అన్నాను. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఇంకో తుపాకీ తెచ్చాడు.

పోయిన చలికాలంలో హుస్సేనీ ఆలం నుంచి ఒకావిడ కబురు పెట్టింది. మాకు పాలు పోసే ఇల్లే అది. నాకంటే అయిదారేళ్ళు పెద్దది, అక్కా అని పిలుస్తాను. ఆమె భర్త పోయి ఏడాది అయింది. ఇంటి వెనక ఇప్పటికీ రెండు బర్రెలున్నాయి. నేను వెళ్ళేసరికి వాకిట్లో నులకమంచం మీద ఒక కార్బైన్ పెట్టి ఉంది. పేల్చే సూది ఎప్పుడో తీయించేశారు, పోలీసు స్టేషన్ కాగితాలన్నీ ఉన్నాయి. గోడకు వేలాడదీసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

"తమ్మీ, ఇది ఎంత పాతదో, ఎంత గొప్పదో నాకు ఫికర్ లేదు. మా ఆయన నిజం చెప్పిండా, అబద్ధం చెప్పిండా? గదొక్కటి చెప్పు" అంది.

ఆయన కథ మా అందరికీ తెలిసిందే. వాళ్ళ తాత నిజాం రిసాలాలో, అంటే గుర్రపు దళంలో, పదిహేడో నంబరు సవారట. ఈ తుపాకీ ఆ తాతదేనట. పాలకు వచ్చిన ప్రతివాడికీ గిన్నె నిండేలోపు ఈ కథ చెప్పి పంపేవాడు. గల్లీ మొత్తం కలిసి ఆయనకు ఉర్దూలో 'సత్రా నంబర్', అంటే పదిహేడో నంబర్, అని పేరు పెట్టింది. పాల క్యాన్లు కట్టుకుని స్కూటర్ మీద పోతుంటే, "ఓ సత్రా నంబర్, గుర్రం ఏడ కట్టేసినవ్?" అని అరిచేవాళ్ళు. ఆయన కోప్పడేవాడు కాదు, ఆగి మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు.

అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయన తమ్ముడే. ఆ రోజు కూడా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "సార్, మా తాత రిసాలకు పాలు పోసేటోడు, గంతే. దీన్ని మా అన్న పెండ్లికి ముందు జుమ్మేరాత్ బజార్ల కొనుక్కొచ్చిండు. గప్పాలు కొట్టుడంటే ఆయనకు పానం." తుపాకీల సారు వచ్చాడని ఎదురింటి దర్జీ మిషన్ ఆపేసి వచ్చాడు. అతని వెనక మరో నలుగురు చేరారు.

మనుషులు చేరితే నాకు హుషారొస్తుంది, దాచుకోవడమెందుకు. తుపాకీ కింద లీవరు లాగాను. లోపలి ఇనుప దిమ్మ నున్నగా కిందికి దిగింది. కిరీటం ముద్ర చూశాను. చుట్టూ ఉన్న ఇనుము ఎంత అరిగిందో ముద్ర కూడా అంతే అరిగింది. నకిలీవాడు ఇనుమును అరగదీస్తాడు గానీ, ముద్రను మాత్రం కొత్తగా మిగులుస్తాడు. మరలు ఫ్యాక్టరీలో మిషన్ మీద చేసినవి, నకిలీవాడు చేత్తో చేసినవి కావు. సంవత్సరం రాణిగారు బతికుండగానే. గొట్టం పొట్టిది.

"అసలుదే అక్కా. గుర్రపువాళ్ళదే. మీ ఆయన తాత కాలానికి సరిగ్గా సరిపోతుంది" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. మరిది మాత్రం తగ్గలేదు. "కాలం సరిపోతె మా తాతదే అయితదా సార్? బజార్ల గూడ గప్పటియే అమ్ముతరు. నంబర్ చూడుండ్రి."

మాట సబబే. భుజానికి ఆనించే చెక్కలో రూపాయి బిళ్ళంత ఇత్తడి బిళ్ళ దిగేసి ఉంది. దళం గుర్తు, సవారు నంబరు దాని మీదే కొడతారు. అక్క భర్త ఏటా దసరాకు ఆయుధపూజని చింతపండు పెట్టి తోమి తోమి దాన్ని నున్నగా చేసిపెట్టాడు. లోతుగా ఉన్న రెండు ఉర్దూ అంకెలు మాత్రం మిగిలాయి. నాకు ఉర్దూ అంకెలు మా నాన్న నేర్పాడు. ఒకటి అంటే నిలువు గీత. ఏడు అంటే పైకి నోరు తెరిచిన రెండు గీతలు. ఎనిమిది అంటే అవే గీతలు కిందికి నోరు తెరిచి. "మీ పిల్లలకు ఈ ముక్క కూడా రాదు" అని అక్కడున్న అందరికీ ఒక పాఠం చెప్పి, వంగి చూసి, గల్లీ చివరికి వినబడేలా చదివాను.

"ఇక్యాసీ! ఎనభై ఒకటి!"

మరిది తొడ చరిచాడు. "నేను చెప్పలే?" దర్జీ పడీపడీ నవ్వాడు. "సత్రా నై, ఇక్యాసీ నంబర్!" అంటూ ఎవరో ఆ మాటను వీధిలోకి మోసుకుపోయారు. నిజం చెప్పొద్దూ, నేను కూడా నవ్వాను. అప్పుడు ఆమెను చూశాను. తుపాకీ మీద పాత దుప్పటి కప్పుతోంది.

"సరే తమ్మీ. చెయ్యి కడుక్కో, చాయ్ పెడ్త" అంది. ఏడ్చినా బాగుండేది. నామీద నాకే మంట పుట్టింది. ఎందుకయ్యా అంత గట్టిగా చదివావు, మెల్లగా చెబితే నీ సొమ్మేం పోయింది?

చేతులు కడుక్కోవడానికి వెనక కొట్టంలోకి వెళ్ళాను. తొట్టి దగ్గర పెద్ద బర్రె తల ఎత్తింది. దాని మెడలో ఒక ఇత్తడి బిళ్ళ ఊగుతోంది. పైన తాడు దూర్చిన కొక్కెం, దాని కింద నెలవంక, నెలవంక కింద నిలువు గీత, పక్కన పైకి నోరు తెరిచిన రెండు గీతలు.

"అక్కా! ఇదేంది?"

"గది బర్రె నంబరు" అంది వంటింట్లోంచి. "మా అత్త కాపురానికి వచ్చినప్పటి సంది పెద్ద బర్రె మెడకు గదే కడతం."

బర్రె నంబరు నా మొహం! అలాంటి బిళ్ళలు సేకరణదారుల దగ్గర చూశాను. సవారు నడుం పట్టీకి ఉండేవి అవి. నేను మెడ పట్టుకు వేలాడుతుంటే బర్రె విసుక్కోకుండా నా భుజమంతా నాకింది. బిళ్ళ విప్పుకుని వాకిట్లోకి పరుగెత్తాను. దుప్పటి లాగేసి, భూతద్దం పెట్టి చూశాను. తుపాకీ బిళ్ళ మీద కూడా నెలవంక ఉంది, తోమడంలో చెరిగిపోయి, వెంట్రుకంత. నేను చదివిన అంకెలకు కింద ఉంది. కింద ఎందుకుంటుంది? నేను మంచానికి ఏ పక్క నిలబడ్డాను? తుపాకీని గిర్రున తిప్పాను. నెలవంక పైకి వచ్చింది. ఎనిమిది బోర్లాపడి ఏడయింది, వెనకనున్న ఒకటి ముందుకు వచ్చింది.

పదిహేడు.

ఆయన పుట్టకముందు నుంచి వాళ్ళ బర్రెల మెడలో ఉన్న నంబరు. బజార్లో కొనుక్కొస్తే ఇది దానితో కలుస్తుందా? తాతదే. ఆయనకు ఉర్దూ రాదు, తాత నంబరు నోటిమాటగా విన్నాడు. సాక్ష్యం రోజూ పాలు పితికే చోటే వేలాడుతున్నా తెలియకుండానే పోయాడు పాపం.

మరిదిని పిలిచి రెండు బిళ్ళలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకదాన్నీ, ఇంకోదాన్నీ వేలితో తడిమాడు. "అన్నా" అన్నాడు. నన్ను కాదు. పోయి తొట్టి దగ్గర మొహం కడుక్కోవడం మొదలుపెట్టాడు.

వంటింట్లోంచి అంతా విన్న ఆమె వచ్చి చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టింది. తుపాకీ వైపు చూడను కూడా లేదు.

"ఇందాక ఎంత గట్టిగ చెప్పినవ్ తమ్మీ?"

"గట్టిగానే చెప్పాను అక్కా."

"గంతే గట్టిగ చెప్పు. ఈడ కాదు, గల్లీల నిలవడి చెప్పు."

గ్లాసుతో సహా వెళ్ళి గల్లీ నడుమ నిలబడ్డాను. "క్యా హువా భాయ్?" అంటూ దర్జీ మిషన్ ఆపాడు. "నేను తలకిందులుగా చదివాను! అది పదిహేడే! సత్రా! ఆయన అబద్ధం చెప్పలేదు!" అని అరిచాను. పై కిటికీలు రెండు తెరుచుకున్నాయి. "ఇంకోపారి" అంది ఆమె గుమ్మంలోంచి. ఇంకోసారి అరిచాను. దర్జీ టోపీ సర్దుకుని లేచి నిలబడ్డాడు.

లోపలికి రాబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వీళ్ళందరు నవ్వినరు. నేను సుత నవ్విన తమ్మీ. ఆయన చెప్పినప్పుడల్లా వంటింట్ల కూసోని నవ్విన. నా వంతుది గూడ చెప్పు. నాకు గొంతు వస్తలేదు."

మళ్ళీ గల్లీ నడుమకు వెళ్ళాను. చల్లారిన చాయ్ ఒక గుక్క తాగి, మూడోసారి ఆమె కోసం అరిచాను.