చాంద్‌మారిలో చిన్న దుర్బీను

నేను ఒకసారి తుపాకీ కాల్చాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. ఇవాళ మోండా మార్కెట్ రేకుల కప్పుల మీద ఎండ సెగ నీళ్లలా వణుకుతుంటే కరీం చాచా గుర్తొచ్చారు.

బోయిన్‌పల్లిలో ఆయనది మా పక్కిల్లు. పటాలంలో సిపాయిలకు గురి నేర్పి పింఛను తీసుకున్నారు. సెలవు రోజుల్లో చాంద్‌మారి మైదానంలో తన సొంత తుపాకీతో గురి పలకలను కొట్టేవారు. కళ్లు మసకబారాక నన్ను వెంట తీసుకెళ్లేవారు. ఆయన కాల్చే ముందు తుపాకీకి బిగించే దుర్బీనులోంచి చూసి, సెగ గాలికి ఎటు వాలితే అటు నేను చేయి ఊపాలి. మాట్లాడే పని లేదు. పదిమందిలో నోరు పెగలని నేను అందుకే వెళ్లేదాన్ని.

“జెండాను చూడకు బిడ్డా. అది దాని దగ్గరి గాలి ముచ్చటే చెప్తది. నడిమిట్ల సెగ చూడు,” అనేవారు. సెగ నిటారుగా లేస్తుంటే, గాలి ఎటు తిరుగుతుందో తెలియదని కాల్చకుండా ఆగేవారు. మా నాన్న బడిపంతులు. “ఇంకా పెద్ద దుర్బీను కొనరాదా సాబ్?” అని ఓసారి అడిగారు. చాచా నవ్వారు. “మాస్టారూ, పెద్దదాంట్ల పలక ఒక్కటే పెద్దగైతదా? సెగ సుత పెద్దగైతది. మన ఎండకు గీ చిన్నదే మంచిది.”

ఒక చలి ఉదయం తుపాకీ నా చేతికిచ్చారు. “సల్లగాలికి గుండు జెర కిందికి దిగుతది, పైకి పట్టు,” అన్నారు. కాల్చాను. గుండు ఎక్కడ పడిందో ఇద్దరికీ తెలియలేదు. “దొరికితే చెప్తలే,” అన్నారు.

నలభై ఎనిమిదిలో పోలీసు యాక్షన్ అయ్యాక ఆయుధాలన్నీ అప్పగించమని చాటింపు వేశారు. ఆ రోజుల్లో ఒక ముసల్మాను తుపాకీతో ఒంటరిగా రోడ్డెక్కితే తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. ఇంట్లో దాస్తే ఇంకా ప్రమాదం. నాన్న జ్వరంతో ఉన్నారు. నేనే తోడు వెళ్లాను. ఠాణాలో మిలిటరీ అధికారి దుర్బీనును చూసి మొహం మార్చాడు. “అంత దూరం నుంచి ఎవర్ని చంపడానికిది?” చాచా జవాబు చెప్పేలోపే ఇద్దరు సిపాయిలు ఆయన రెక్కలు పట్టుకున్నారు.

అప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మిషన్ బడిలో నేర్చుకున్న ఇంగ్లీషులో, ఆయన పటాలం ఉస్తాదని, కాల్చేది గురి పలకలనేనని, గాలి చూసి చెప్పేది నేనని చెప్పాను. “మరి ఇంత చిన్న దుర్బీను ఎందుకు?” అన్నాడు అధికారి. సెగ సంగతి చెప్పాను. అతను దుర్బీనును బల్ల మీద పెట్టాడు. “మా ఉస్తాదు కూడా ఇదే అనేవాడు,” అని చాచాను వదలమన్నాడు.

ఇప్పుడు నేనూ బడిలో పాఠాలు చెబుతున్నాను. మొదటి మాట పెగలని ప్రతి ఉదయం చాచాను తలచుకుంటాను. తుపాకీ అప్పగించిన నెలలోనే ఆయన కర్నూలులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. మళ్లీ చూడలేదు. టాంగా కదులుతుంటే వెనక్కి తిరిగి గట్టిగా అన్నారు:

“నోరు తెరిచినవ్ గద బిడ్డా, ఇగ మూయకు!”