విప్పిన రేకు, దిండున్న కుర్చీ

ఆర్మూర్‌లో మా ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఆఫీసు గదిలో దిండున్న కుర్చీ ఒక్కటే ఉండేది. ఆ దిండూ ఒక మూల చిరిగి, కూర్చున్నప్పుడల్లా నిట్టూర్చేది. ఎన్నిసార్లు చెప్పినా యజమాని కుట్టించలేదు. కంప్యూటర్ ముందు ఉండేది కనుక అది నాదేనని నేను అనుకునేవాణ్ని. బీటెక్ చదివినందుకు ఆ ఊళ్లో నాకు దక్కిన గౌరవం దాదాపుగా అదే.

ఆ ఏడు షెడ్డు యజమాని కోడలు పనికి వస్తానంది. నిజామాబాద్‌లో మెకానికల్ డిప్లొమా చేసిందామె. అత్తకు ఇష్టం లేదు. మామ మధ్యేమార్గంగా ఒక షరతు పెట్టాడు. అంకాపూర్ రైతు చేసిమ్మన్న పసుపు ఉడికించే డ్రమ్ముకు ఆమే డ్రాయింగ్ గీయాలి; రేకు పాడైతే మళ్లీ షెడ్డు వైపు రాకూడదు.

డ్రమ్ము రేకు మందం. అంచులు కలిసే చోట వాలుగా చెక్కితేనే వెల్డింగ్ లోపలిదాకా దిగుతుంది. ఆ వాలునే బెవెల్ అంటారు. రేకు చదునుగా ఉన్నప్పుడే దాన్ని చెక్కాలి; చుట్టాక అది బయటి వైపు ఉండాలి. లోపలి వైపు వస్తే వెల్డర్ డ్రమ్ములో దూరాలి. మా వెల్డర్ ఒడ్డూ పొడుగూ చూసినవాళ్లెవరూ ఆ సలహా ఇవ్వరు.

చిక్కంతా డ్రాయింగ్ గీసే సాఫ్ట్‌వేర్‌తోనే. తెరమీద చుట్టిన డ్రమ్ముకు బెవెల్ పెట్టి రేకును చదునుగా విప్పితే, బెవెల్ మాయమై ఒట్టి దీర్ఘచతురస్రం మిగిలేది. నేను దాన్ని కొన్నాళ్లు బతిమాలి చూశాను.

ఆమె బతిమాలలేదు. ముందు డ్రమ్మును తెరమీద విప్పింది. విప్పిన రేకు మీదే అంచులు చెక్కింది. మళ్లీ చుట్టింది. వాలు బుద్ధిగా బయటి వైపు నిలబడింది. ఇంకోసారి విప్పితే, ఈసారి రెండు అంచుల పక్కనా వాలు వెడల్పు చూపిస్తూ ఒక్కో గీత. పక్కన అంచును అడ్డంగా కోసినట్టు పెద్ద బొమ్మ వేసి, ‘ఈ ముఖం బయటికి’ అని రాసింది. అంత తేటైన డ్రాయింగ్ నేను కాలేజీలో కూడా చూడలేదు. కాలేజీలో నేను చూసినవి ఎక్కువగా నావే.

మామ తెరను నమ్మే మనిషి కాదు. ఆమె ప్రింటు తీసి, కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచులు కలిపి ఆయన ముందు పట్టుకుంది.

“సూడుండ్రి మామా, రెండు గీతలు బయటికే ఉన్నయి. రేకుల గిట్ల రాకుంటె రేపటి సంది నేను ఇంట్లనే ఉంట.”

ఆయన కళ్లజోడు సర్దుకుని, గొట్టంలో వేలు పెట్టి తిప్పి చూసి, రేకు కోయమన్నాడు.

కోశారు, చెక్కారు, రోలింగ్ మిషన్లో చుట్టారు. అంచులు కలిసిన చోట, బయటి వైపు, పొడుగునా చక్కటి గాడి. వెల్డర్ స్టూలు వేసుకుని బయట కూర్చునే నిమ్మళంగా పని కానిచ్చాడు. నీళ్లు నింపితే చుక్క కారలేదు.

మామ డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆఫీసు గదిలోకి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

“సారూ, జర లేవుండ్రి. గా కుర్చీ ఇగ మా కోడలిది.”